మంచు మీద ఢీ: బాధ్యత ఎవరిది?

హాకీ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేది పచ్చిక మైదానం, ధ్యాన్‌చంద్. నేను రాయబోయేది ఆ హాకీ గురించి కాదు. కెనడా, అమెరికాల్లో మంచుగడ్డ మీద, కాళ్ళకు స్కేట్లు కట్టుకుని ఆడే ఐస్ హాకీ గురించి. "బి.ఎస్సీ. చదివే రైతు బిడ్డవి, నీకూ ఐస్ హాకీకీ ఏమిటోయ్ సంబంధం?" అని సావనీరు సంపాదకవర్గంలోని మిత్రుడొకడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మంచుగడ్డను నేను దగ్గరగా చూసింది చేపల మార్కెట్టులోనే.

సంబంధం కబడ్డీ ద్వారా వచ్చింది. క్రిందటేడు అంతర్ కళాశాలల పోటీల్లో నేను కార్నర్‌లో ఆడుతున్నాను. అవతలి జట్టు రైడర్ ఒకడు మావాణ్ణి తాకి, వెనక్కి చూసుకుంటూ మధ్య గీత వైపు పోతున్నాడు. నేను ప్రక్కనుంచి పరుగెత్తుకుంటూ వచ్చి డాష్ ఇచ్చాను. నా భుజం అతని దవడకు తగిలింది. తల నేలకు కొట్టుకుంది. లేచి కూర్చుని, "ఇది ఏ కాలేజీ?" అని అడిగాడు. అందరూ నవ్వారు, నేను కూడా నవ్వాను. రిఫరీ కార్డు చూపలేదు. మాకు పాయింటు వచ్చింది, మావాళ్ళు వీపు చరిచారు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆ అబ్బాయి నాలుగైదుసార్లు వాంతి చేసుకున్నాడనీ, తలనొప్పితో పుస్తకం పట్టుకోలేక ఆ సెమిస్టరు పరీక్షలు రాయలేదనీ నెల తరువాత తెలిసింది.

"కావాలని కొట్టావా ఏమిటి?" అని హాస్టల్లో అందరూ నన్ను ఓదార్చారు. ఆ మాట నాకు సరిపోలేదు. ఆ రోజుల్లోనే మా గదిలోని మిత్రుడు ఫోనులో ఐస్ హాకీ దెబ్బల వీడియోలు పెట్టి చూపించేవాడు. మనుషులు ఎగిరిపడుతుంటే గదంతా ఈలలు. వాటి మధ్యలో ఒక వింత వీడియో వచ్చింది. అందులో ఈలలూ లేవు, సంగీతమూ లేదు. ఒకే దెబ్బను నాలుగు వైపుల నుంచి, నెమ్మదిగా, ఆపి ఆపి చూపిస్తూ, ఇది ఎందుకు తప్పో, ఎన్ని ఆటలు నిషేధమో ఒక గొంతు వివరిస్తోంది. అది నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్.హెచ్.ఎల్. వారి ఆటగాళ్ళ భద్రతా విభాగం తీర్పు. అక్కణ్ణుంచి ఈ విషయం నన్ను పట్టుకుంది.

ముందు ఆట సంగతి కొంచెం. రింక్ పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. చుట్టూ చెక్కగోడ లాంటి బోర్డులు, వాటిపైన గాజు. గోలీతో కలిపి జట్టుకు ఆరుగురు. బంతి బదులు పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలు. పక్ ఎవరి దగ్గర ఉంటే వాణ్ణి శరీరంతో ఢీకొట్టి ఆపడం ఈ ఆటలో న్యాయమే. దాన్ని బాడీ చెక్ అంటారు. మన కబడ్డీ డాష్‌కు అన్నయ్య అనుకోండి. అయితే మోచేతితో పొడవడం, మోకాలు అడ్డం పెట్టడం, దూరంనుంచి పరుగున వచ్చి మీద పడడం, బోర్డుల దగ్గర వీపు తిప్పి ఉన్నవాణ్ణి నెట్టడం నిషిద్ధం. తప్పు చేసినవాడు రెండు నిమిషాలో ఐదు నిమిషాలో శిక్షాపెట్టెలో కూర్చుంటాడు, జట్టు ఒకడు తక్కువగా ఆడాలి. తప్పు పెద్దదైతే ఆటనుంచే పంపేస్తారు.

ఇప్పుడు మన ఫిజిక్సు. మంచు మీద ఘర్షణ చాలా తక్కువ కనుక మంచి ఆటగాడు గంటకు 36 కిలోమీటర్ల వేగం, అనగా సెకనుకు పది మీటర్లు, తేలికగా అందుకుంటాడు. మనిషి బరువు 90 కిలోలు అనుకుంటే, సగం ఎం.వి. స్క్వేర్ ప్రకారం గతిశక్తి 4,500 జౌళ్ళు. ఈ అంకె నాకు మొదట ఏమీ చెప్పలేదు. మా ఇంటి లెక్కలోకి మార్చి చూశాను. 75 కిలోల వడ్ల బస్తాను ఆరు మీటర్ల ఎత్తునుంచి, అంటే రెండంతస్తుల మేడ మీదినుంచి, జారవిడిస్తే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి అది. బస్తాలు మోసినవాణ్ణి కాబట్టి ఇక ఆ లెక్క మరిచిపోలేదు.

హెల్మెట్ ఉంటుంది కదా అంటారు. హెల్మెట్ కాపాడేది పుర్రెను. 1968 జనవరిలో మినెసోటా జట్టు ఆటగాడు బిల్ మాస్టర్టన్ హెల్మెట్ లేకుండా ఆడుతూ, ఢీకొనడంతో వెనక్కి పడి, తల మంచుకు తగిలి రెండు రోజులకు చనిపోయాడు. ఎన్.హెచ్.ఎల్. ఆటలో తగిలిన దెబ్బవల్లే నేరుగా మరణించిన ఆటగాడు ఆయన ఒక్కడే. అంత జరిగినా కొత్తగా చేరేవాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి చేసింది 1979లో! సరే, పుర్రె పగలడం తగ్గింది. మెదడు సంగతి వేరు. సుమారు 1.4 కిలోల ఆ ముద్ద పుర్రెలో బిగించి లేదు, ద్రవంలో తేలుతూ ఉంటుంది. కురిడీ కొబ్బరికాయను ఊపి చూడండి, పెంకు చెక్కు చెదరదు, లోపలి గుండు మాత్రం పెంకుకు కొట్టుకుంటుంది. మెదడు అంత వదులుగా ఉండదు గాని తీరు అదే. ముఖ్యంగా దవడకు ప్రక్కనుంచి దెబ్బ తగిలితే తల గిర్రున తిరుగుతుంది, మెదడు ఆ తిరుగుడును వెంటనే అందుకోలేదు, లోపలి నరాల పోగులు సాగి మెలిపడతాయి. దీన్నే కంకషన్ అంటారు. రక్తం రాదు, ఎముక విరగదు. "ఇది ఏ కాలేజీ?" అని అడుగుతాడు, అంతే.

ఆటగాళ్ళూ, కోచ్‌లూ ఎక్కువగా చెప్పే సమాధానం ఒకటుంది: ఆట అంత వేగంగా సాగుతుంటే ఆలోచించుకునే సమయం ఎక్కడిది? నేనూ ఇదే అనుకున్నాను. అందుకని లెక్క వేశాను. ఫిజిక్సు లాబ్‌లో స్కేలును జారవిడిచి వేళ్ళతో పట్టుకునే ప్రయోగం మీరూ చేసే ఉంటారు. ఇరవై సెంటీమీటర్లు జారాక పట్టుకుంటే స్పందనకాలం 0.2 సెకను. పది మీటర్ల వేగంతో వస్తున్నవాడు ఆ లోపల రెండు మీటర్లు జరిగిపోతాడు. ఎదుటివాడు ఐదు మీటర్ల దూరంలో ఉండగా అతని పరిస్థితి కనిపించిందనుకుందాం. స్పందనకు రెండు మీటర్లు పోగా మూడు మీటర్లు, అంటే 0.3 సెకను మిగులుతుంది. ఆ వ్యవధిలో 90 కిలోల శరీరాన్ని ఆపలేడు, నిజమే. ఢీ తప్పదు. కాని మోచెయ్యి లోపలికి ముడవడానికి, పైకి లేవకుండా ఉండడానికి, భుజాన్ని తలకు కాక ఛాతీకి గురిపెట్టడానికి ఆ వ్యవధి చాలు. దెబ్బ తినేవాడు చిట్టచివరి రెండు మీటర్లలో చటుక్కున తల వంచితే మాత్రం కొట్టేవాడు ఏమీ చెయ్యలేడు. ఈ రెండింటినీ వేరు చెయ్యడమే ఈ ఆటలో న్యాయం చెప్పేవాళ్ళ అసలు పని అని నాకు అర్థమైంది.

ఆ పని చాలాకాలం ఎవరూ చెయ్యలేదు. ఆటగాళ్ళే చూసుకునేవారు. మీవాడు మావాణ్ణి కొడితే, మావాడొకడు మీవాడితో చేతి గ్లవ్స్ విసిరేసి కలబడతాడు, లెక్క చెల్లు. దీన్ని వాళ్ళు ఆట సంప్రదాయం అంటారు. పాతకాలపు పల్లెటూరి గట్టు తగాదాలు ఇలాగే ఉండేవని మా తాత చెప్పేవాడు. గట్టు తగాదా లాగే ఇదీ ఎక్కడ ఆగుతుందో ఎవరికీ తెలియదు.

2004 ఫిబ్రవరి 16న కొలరాడో జట్టుకు చెందిన స్టీవ్ మూర్ అనే ఆటగాడు వాంకూవర్ జట్టు కెప్టెన్ మార్కస్ నాస్లండ్‌ను ఢీకొట్టాడు. నాస్లండ్‌కు కంకషన్ అయింది. రిఫరీ తప్పు పట్టలేదు, లీగ్ శిక్షించలేదు. వాంకూవర్ వాళ్ళకు మండింది. మార్చి 8న అదే రెండు జట్లు వాంకూవర్‌లో మళ్ళీ తలపడ్డాయి. మొదటి భాగంలోనే వాంకూవర్ ఆటగాడు మాట్ కుక్ మూర్‌తో కలబడ్డాడు. సంప్రదాయం ప్రకారం అక్కడితో బాకీ తీరాలి. తీరలేదు. (మాట్ కుక్ అన్న పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.) మూడో భాగంలో కొలరాడో ఎంతో ముందంజలో ఉండగా, వాంకూవర్ ఆటగాడు టాడ్ బెర్టుజ్జీ మూర్ వెనకాలే తిరిగి, చొక్కా పట్టుకు లాగి, వెనకనుంచి తలపై పిడిగుద్దు గుద్ది అతని మీదే పడ్డాడు. పైన ఇంకొందరు పడ్డారు. మూర్ మెడలో మూడు వెన్నుపూసలు విరిగాయి. అతను హార్వర్డ్‌లో చదివినవాడు, ఇరవై ఐదేళ్ళవాడు. మళ్ళీ వృత్తి హాకీ ఆడలేదు.

బెర్టుజ్జీని లీగ్ నిషేధించింది. ఆ సీజనులో మిగిలిన 13 ఆటలూ, ప్లేఆఫ్‌లలో 7 ఆటలూ పోయాయి. సుమారు 5 లక్షల డాలర్ల జీతం పోయింది. తరువాతి సీజను యాజమాన్యాల లాకౌట్‌తో అసలు జరగనే లేదు. 2005 ఆగస్టులో నిషేధం ఎత్తేశారు. జట్టుకు 2,50,000 డాలర్ల జరిమానా. క్రిమినల్ కోర్టులో అతను నేరం ఒప్పుకుంటే శిక్ష పడకుండా ఏడాది ప్రొబేషన్, 80 గంటల సమాజసేవ. మూర్ వేసిన సివిల్ దావా మాత్రం 2014 దాకా సాగి, కోర్టు బయట రాజీ అయింది, ఎంతకో బయటపెట్టలేదు. ఆ ఏటి దాకా బెర్టుజ్జీ ఎన్.హెచ్.ఎల్.లో ఆడుతూనే ఉన్నాడు. మధ్యలో ఇంకో మలుపు. తన కోచ్ మార్క్ క్రాఫర్డ్‌ను కూడా బాధ్యుణ్ణి చెయ్యాలని 2008లో బెర్టుజ్జీయే కోర్టుకెక్కాడు. కోచ్ ఒప్పుకోలేదు, తరువాత బెర్టుజ్జీ ఆ దావా వదులుకున్నాడు. కాబట్టి పంపినవాడెవడు, పోయినవాడెవడు అన్నది ఏ న్యాయస్థానమూ తేల్చలేదు. నాకు ఈ కథ మొత్తంలో ఎక్కువ బాధ కలిగించేది ఫిబ్రవరి 16 నాటి సంగతి. ఆనాడే అధికారులెవరైనా ఆ దెబ్బ తప్పయితే తప్పు, ఒప్పయితే ఇందుకు ఒప్పు అని కూర్చోబెట్టి చెప్పి ఉంటే మార్చి 8 వచ్చేదా అనిపిస్తుంది.

ఆరేళ్ళ తరువాత, 2010 మార్చి 7. పిట్స్‌బర్గ్‌లో బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్ పక్ కొట్టి, ఇంకా ముందుకే చూస్తున్నాడు. ప్రక్కన, కనిపించని వైపునుంచి వచ్చి ఒకడు భుజంతో అతని తలకు కొట్టాడు. కొట్టినవాడు ఆ మాట్ కుక్కే, అప్పటికి పిట్స్‌బర్గ్ జట్టుకు మారాడు. సవార్డ్‌ను స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. కుక్‌కు ఏ శిక్షా లేదు! ఎందుకంటే అప్పటి నిబంధనల్లో మోచేతితో తలకు కొట్టడం తప్పు గాని, భుజంతో కొట్టడం తప్పు కాదు. ఆ నెలలోనే లీగ్ హడావుడిగా నిబంధన మార్చింది. దాన్ని ఇప్పుడు 48వ నిబంధన అంటారు. ప్రక్కనుంచీ చాటునుంచీ తలకు గురిపెట్టి కొట్టడం నిషేధించారు, మరుసటి ఏడాది ప్రక్క, చాటు అన్న షరతులు కూడా తీసేశారు. సవార్డ్ 2011 జనవరిలో మరో దెబ్బ తగిలాక మళ్ళీ ఆడలేదు.

2011లోనే ఆటగాళ్ళ భద్రతా విభాగం ఏర్పడింది. మొదటి అధిపతి బ్రెండన్ షానహాన్, స్వయంగా పేరున్న ఆటగాడు. ప్రతి నిషేధానికీ వీడియో చేసి కారణం చెప్పే పద్ధతి ఆయన తెచ్చాడు. తల ప్రధానంగా తగిలిందా? తగలకుండా తప్పించే వీలుందా? కొట్టేవాడు ఒంటికే గురిపెట్టాడా? దెబ్బ తిన్నవాడు చివరి క్షణంలో కదిలాడా? నా స్కేలు ప్రయోగం అడిగే ప్రశ్నలే ఇవి. తరువాత ఇంకో రెండు చూస్తారు: గాయం అయిందా, పాత చరిత్ర ఉందా. 2015లో శాన్‌హోసే ఆటగాడు రాఫీ టోరెస్ సీజనుకు ముందు జరిగిన ఆటలో యాకబ్ సిల్ఫ్వర్‌బర్గ్ తలకు కొట్టినందుకు 41 ఆటలు, అంటే అప్పటి 82 ఆటల సీజనులో సరిగ్గా సగం, నిషేధం పడింది. అప్పటికే పాత పాపాలు చాలా ఉన్నాయి. 4,40,000 డాలర్ల పైచిలుకు జీతం పోయింది. టోరెస్ మళ్ళీ ఎన్.హెచ్.ఎల్. ఆట ఆడలేదు.

గాయాన్ని బట్టి శిక్ష పెంచడం మీద నాకు అభ్యంతరం ఉంది. ఒకే దెబ్బ ఒకడికి తగిలితే లేచి ఆడతాడు, ఇంకొకడికి తగిలితే మంచాన పడతాడు. ఆ తేడా కొట్టినవాడి చేతిలో లేదు. గాయం కానందువల్ల తేలికగా వదిలేసిన దెబ్బే రేపు మరొకణ్ణి మంచాన వేస్తుంది. నా దెబ్బకు కార్డు రాలేదు సరే, ఆ అబ్బాయి లేవకుండా పడి ఉంటే వచ్చేదేమో. దెబ్బ మాత్రం అదేగా.

ఇక డబ్బు సంగతి. 2021 మే 3న న్యూయార్క్‌లో వాషింగ్టన్ ఆటగాడు టామ్ విల్సన్ మంచు మీద బోర్లా పడి ఉన్న పావెల్ బుచ్నేవిచ్‌ను గుద్దాడు. ఆ గొడవలోనే ఆర్తెమీ పనారిన్‌ను నేలకు విసిరాడు, పనారిన్ ఆ సీజనులో మళ్ళీ దిగలేదు. విల్సన్ కొత్తవాడు కాదు. 2018లో అతనికి 20 ఆటల నిషేధం పడితే మధ్యవర్తి 14కు తగ్గించాడు. ఆ తీర్పు వచ్చేసరికే 16 ఆటలు బయట కూర్చున్నాడు పాపం! ఈసారి శిక్ష 5,000 డాలర్ల జరిమానా. ఏడాదికి సగటున 50 లక్షల డాలర్లకు పైగా ఒప్పందం ఉన్న మనిషికి అది వెయ్యోవంతు. ఏడాదికి లక్ష సంపాదించే కూలీకి వంద రూపాయలు అన్నమాట. ఇదేమి న్యాయమని న్యూయార్క్ జట్టు భద్రతా విభాగాన్ని విమర్శిస్తూ ప్రకటన ఇస్తే, ఆ ప్రకటనకు లీగ్ వేసిన జరిమానా 2,50,000 డాలర్లు. కొట్టినవాడి కంటే అరిచినవాడు యాభై రెట్లు కట్టాడు. మే 5న అవే జట్లు మళ్ళీ కలిశాయి. ఆట మొదలైన మొదటి సెకనులోనే మూడు జతలు కలబడ్డాయి. 2004లో చూసిందే కదా, పెద్దలు తీర్చకపోతే గట్టు మీదే తేల్చుకుంటారు.

నిషేధం పడిన ఆటగాడు పోగొట్టుకునే జీతం ఎక్కడికి పోతుందో తెలుసా? ఆటగాళ్ళ అత్యవసర సహాయ నిధికి. మంచిదే. దెబ్బ తిన్నవాడికి మాత్రం అందులోంచి నేరుగా ఏమీ రాదు. ఇది చెబితే మా నాన్న నవ్వి బందెలదొడ్డి సంగతి చెప్పాడు. ఆయన చిన్నప్పుడు పశువు పరాయి చేలో పడితే తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టేవారట. పశువు గలవాడు డబ్బు కట్టి విడిపించుకోవాలి. ఆ డబ్బు పంచాయతీకి, చేను పోయినవాడికి చేను పోయినట్టే. "కాని ఒకటిరా, గేదెను కావాలనే వదిలావా అని అక్కడ ఎవడూ అడిగేవాడు కాదు. కట్టుకొయ్య నీది, పలుపు నీది, అంతే" అన్నాడు.

ఆ మాట ఐస్ హాకీలో కూడా ఒకచోట ఉంది, అదే విచిత్రం. ఆటగాడు తన కర్రకు తానే బాధ్యుడని నిబంధన. కర్ర పైకి లేచి ఎదుటివాడి మొహానికి తగిలితే, అనుకోకుండా తగిలినా సరే శిక్షే. గాయమైతే రెట్టింపు, నాలుగు నిమిషాలు. పక్‌ను కొట్టే ఊపులో తగిలితే మాత్రం మినహాయింపు ఉంది. కర్రకు ఉన్న ఈ సూత్రం భుజానికి ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న వేసినవాడు కెన్ డ్రైడెన్. 1970లలో మాంట్రియల్ జట్టుకు గోలీగా ఆరు స్టాన్లీ కప్పులు గెలిచి, లాయరై, కెనడాలో మంత్రిగా కూడా పనిచేసి, 2025లో కన్నుమూశాడు. కొట్టింది మోచెయ్యో భుజమో, కావాలనో పొరపాటునో మెదడుకు తెలియదు, కాబట్టి తలకు తగిలిన ప్రతి దెబ్బా తప్పే కావాలి అన్నది ఆయన వాదం. ఎన్.హెచ్.ఎల్. ఇంకా అంత దూరం పోలేదు. అలా చేస్తే ఆటలో దమ్ము పోతుందని వాదించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళను పూర్తిగా కొట్టిపారెయ్యలేను, కబడ్డీలో డాష్ తీసేస్తామంటే నేనూ ఊరుకోను.

కాని మాట్ కుక్ కథ మిగిలింది. 2011 మార్చిలో అతను న్యూయార్క్ ఆటగాడు రయన్ మక్డొనా తలకు మోచేతితో కొట్టాడు. ఈసారి సీజనులో మిగిలిన 10 ఆటలూ, ప్లేఆఫ్ మొదటి రౌండు మొత్తమూ నిషేధం. సొంత జట్టు కూడా వెనకేసుకు రాలేదు. ఆట మార్చుకుంటానని అతను బహిరంగంగా ఒప్పుకున్నాడు. 2010-11లో 129 నిమిషాలు శిక్షలో గడిపిన మనిషి, 2011-12లో 82 ఆటలూ ఆడి 44 నిమిషాలే కూర్చున్నాడు. పైగా 19 గోల్స్ కొట్టాడు. మంచు అదే, వేగం అదే, శరీరం అదే. సమయం చాలదన్న వాదానికి ఇంతకంటే మంచి ప్రయోగం నాకు ఏ లాబ్‌లోనూ దొరకదు. అయితే పూర్తిగా మారాడా అంటే, 2014లో మినెసోటా తరఫున ఆడుతూ ఒకడి మోకాలికి మోకాలు అడ్డంపెట్టి మళ్ళీ 7 ఆటల నిషేధం తెచ్చుకున్నాడు. అదీ చెప్పాలి.

ఈ వ్యాసం సగం రాశాక, సంక్రాంతి సెలవుల్లో ఆ అబ్బాయి ఊరు వెళ్ళాను. మా ఊరికి బస్సులో గంటన్నర. వాళ్ళమ్మగారు కాఫీ ఇచ్చింది. నేనెవరో మొదట ఆమెకు చెప్పలేకపోయాను. అతను ఇప్పుడు బాగానే ఉన్నాడు, పోయిన పరీక్షలు రాస్తున్నాడు, కబడ్డీ మానేశాడు. ఎండలో ఎక్కువసేపు ఉంటే తల నొస్తుందట. నేను ఐస్ హాకీ, 0.3 సెకను అంటూ ఏదో వివరించబోతే ఆపి, "అన్నా, ఒక్కటి చెప్పు. నేను వెనక్కి చూస్తున్నానని నీకు కనిపించిందా?" అని అడిగాడు.

కనిపించిందని చెప్పాను.